స్విచ్‌లు మార్చే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

సంస్థల నెట్‌వర్కుల గురించి ప్రశ్నలు పంపమని కోరినప్పుడు వైఫై వేగం మీదే ఎక్కువ ఉత్తరాలు వస్తాయని అనుకున్నాం. వచ్చినవాటిలో చాలా భాగం విజయవాడ, గుంటూరు నుంచే, అవి కూడా రాక్‌లో కూర్చున్న స్విచ్‌ల గురించే, అంటే కంప్యూటర్లు, కెమెరాల తీగలను కలిపి సమాచారాన్ని చేరవేసే పెట్టెల గురించే. ఎనిమిది, పదేళ్ల కిందట ఒక్క విడతలో కొన్న పరికరాలకు ఇప్పుడు ఒక్కసారే వయసు మీరినట్టుంది. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, సంస్థల పేర్లు తీసేసి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఐటీ బాధ్యుణ్ణి. అయిదు అంతస్తుల్లో 38 స్విచ్‌లు ఉన్నాయి. వాటిలో సగానికి తయారీదారు సపోర్టు ముగిసింది. అన్నింటినీ తీసేసి సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్క్‌కు మారాలని వెండర్ కొటేషన్ ఇచ్చారు. యాజమాన్యం మాత్రం, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి కదా, ఇప్పుడెందుకు అంటోంది. ఎవరి మాట వినాలి?

సమాధానం: ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. లైట్లు వెలగడం స్విచ్ బతికి ఉందని మాత్రమే చెబుతుంది. దాని భద్రతా లోపాలకు ఎవరైనా ఇంకా ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ సవరణలు) ఇస్తున్నారా, రేపు చెడిపోతే బదులు పరికరం దొరుకుతుందా అన్నది ఆ లైట్లు చెప్పవు. ప్యాచ్‌లు ఆగిపోయిన స్విచ్‌ల మీదుగా రోగుల రికార్డులు నడపడం సరికాదు కాబట్టి ఆ సగాన్ని మార్చక తప్పదు. అయితే స్విచ్‌లు పాతబడ్డాయి కనుక నెట్‌వర్క్ నిర్మాణాన్నే మార్చాలన్న వెండర్ వాదన వేరే విషయం. దాన్ని విడిగా తేల్చుకోండి.

సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ అన్న మాట వెనక ఉన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ప్యాకెట్‌ను, అంటే నెట్‌వర్క్‌లో వెళ్లే సమాచారపు ముక్కను, ముందుకు పంపే పనిని, ఎటు పంపాలో నిర్ణయించే పనిని విడదీసి, రెండోదాన్ని ఒక కేంద్ర సాఫ్ట్‌వేర్‌కు అప్పగించవచ్చని చూపిన ఓపెన్‌ఫ్లో పత్రం 2008లోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల నుంచి వచ్చింది. ఇవాళ ఆసుపత్రులు, కళాశాలలు కొంటున్నది దానికి కొంత భిన్నమైన రూపం, దాన్ని ఫ్యాబ్రిక్ అంటారు. ఇందులో స్విచ్ తన సొంత బుద్ధిని పోగొట్టుకోదు. కంట్రోలర్, అంటే ఆ కేంద్ర సాఫ్ట్‌వేర్, అన్ని స్విచ్‌లకూ ఒకే తీరున కాన్ఫిగరేషన్ (అమరికలు) పంపుతుంది, ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో చెప్పే నియమాలను ఒకచోట ఉంచుతుంది. కంట్రోలర్ పెట్టె ఆగిపోతే ఆసుపత్రి మొత్తం ఆగిపోతుందా అని మీ యాజమాన్యం తప్పక అడుగుతుంది. అప్పటికే నడుస్తున్న రాకపోకలు ఆగవు, కొత్త మార్పులు చేయడం మాత్రం కుదరదు అని చెప్పండి. అయితే వినియోగదారులను గుర్తించే ఆథెంటికేషన్ సర్వర్ ఆగిపోతే కథ వేరు: కొత్తగా కనెక్ట్ అయ్యేవారిని లోనికి రానివ్వాలా వద్దా అన్నది మీరు ముందుగా రాసి పెట్టిన నియమాన్ని బట్టి ఉంటుంది. ఆ నియమం రాయడం చాలామంది మరిచిపోతారు.

లోపల జరిగేది ఆటోనగర్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పార్శిల్ వేయడం లాంటిది. పార్శిల్ మీద తీసుకునే మనిషి పేరు ఉంటుంది, కానీ గుమాస్తా దాన్ని గోనెలో కుట్టి పైన చేరవలసిన బ్రాంచి పేరు మాత్రమే రాస్తాడు. లారీ డ్రైవరుకు ఆ బ్రాంచి పేరు చాలు. ఏ మనిషి ఏ బ్రాంచిలో ఉన్నాడన్నది హెడ్డాఫీసు రిజిస్టరులో ఉంటుంది. గోనె సంచి పని చేసేది వీఎక్స్‌ల్యాన్ అనే పద్ధతి. 2014లో ఆర్ఎఫ్‌సీ 7348 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. రిజిస్టరు పనిని సిస్కో కంపెనీ ఫ్యాబ్రిక్ అయిన ఎస్‌డీ-యాక్సెస్‌లో లిస్ప్ అనే ప్రోటోకాల్ చేస్తుంది, జూనిపర్, అరూబా లాంటివారి క్యాంపస్ నిర్మాణాల్లో బీజీపీ ఈవీపీఎన్ చేస్తుంది. పాత వీల్యాన్ (ఒకే తీగల మీద నెట్‌వర్క్‌ను విభాగాలుగా విడదీసే పద్ధతి) నంబరుకు 12 బిట్లే ఉండడం వల్ల 4094 దాటి విభజనలు కుదరవు, వీఎక్స్‌ల్యాన్‌లో 24 బిట్లు ఉన్నాయి కాబట్టి కోటీ 67 లక్షలకు పైగా వీలవుతాయి. మీ అయిదంతస్తులకు ఆ లెక్క అవసరమే లేదు, దాన్ని చూపించి ఎవరైనా అమ్మజూపితే నవ్వి ఊరుకోండి. మీకు నిజంగా పనికొచ్చేది మరొకటి: ఎంఆర్ఐ యంత్రం, బిల్లింగ్ కౌంటరు, సీసీ కెమెరా, రోగి బంధువు ఫోను ఒకే తీగల మీద నడుస్తూ కూడా ఒకదానికొకటి కనబడకుండా ఉండడం, ఒక యంత్రాన్ని రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకు మార్చినా దాని చిరునామా, దాని మీది ఆంక్షలు దానితోనే వెళ్లడం. ఇలాంటి మార్పులు నెలకు నాలుగైదు జరుగుతుంటే ఫ్యాబ్రిక్ ఖర్చుకు అర్థం ఉంది. ఏడాదికి ఒకటి రెండైతే మంచి స్విచ్‌లు, శ్రద్ధగా వేసిన వీల్యాన్‌లు చాలునన్నది నా అభిప్రాయం.

ఇక ఏ స్విచ్ పనికొస్తుందన్న ప్రశ్న. గోనె కుట్టే పని చిప్‌లో జరుగుతుంది కాబట్టి ఆ శక్తి లేని పాత స్విచ్‌కు సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన అది రాదు. సిస్కోలో 2017లో వచ్చిన కెటలిస్ట్ 9000 కుటుంబం ఈ పని కోసమే రూపొందింది. అంతకుముందు తరంలోని 3850 లాంటివాటికి తొలినాళ్లలో ఈ పాత్ర ఇచ్చినా ఇప్పుడు కొత్తగా వాటి మీద కట్టడం తెలివైన పని కాదు. మిగిలిన సగం స్విచ్‌లకు సపోర్టు ఇంకా ఉంటే వాటిని ఇవాళే తీసేయనక్కరలేదు. ఫ్యాబ్రిక్‌ను బయటితో కలిపే బోర్డర్ స్విచ్ దగ్గర పాత వీల్యాన్‌ను, ఫ్యాబ్రిక్‌లోని సబ్‌నెట్‌ను (ఒక ఐపీ చిరునామాల గుంపును) లేయర్ 2లో, అంటే ఈథర్‌నెట్ స్థాయిలో, కలిపితే రెండు వైపులా ఒకే ఐపీ శ్రేణి నడుస్తుంది. ఆసుపత్రికి ఇది చాలా ముఖ్యం. ల్యాబ్ యంత్రాల్లో ఐపీ చిరునామాలు చేత్తో రాసి పెట్టి ఉంటాయి. వాటిని మార్చాలంటే ఆ యంత్రం కంపెనీ ఇంజనీరు రావాలి, ఆయన రావడానికి పది రోజులు పడుతుంది.

కొటేషన్ మీద సంతకం చేసే ముందు వారం రోజులు అంతస్తులన్నీ తిరగండి. ఏ పోర్టుకు ఏం తగిలించి ఉందో రాసుకోండి. రాసుకున్నదాన్ని స్విచ్‌లోని మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) పట్టికతో సరిచూసుకోండి. ఈ పనిలో తప్పకుండా రెండు రకాల వింతలు దొరుకుతాయి. ఒకటి, ఫాల్స్ సీలింగ్ పైన ఎవరో ఎప్పుడో దాచిన చిన్న ఎనిమిది పోర్టుల స్విచ్. రెండోది, ఎవరైనా పలకరిస్తే తప్ప మాట్లాడని యంత్రాలు. పాత ప్రింటరు, బయోమెట్రిక్ హాజరు పెట్టె, కొన్ని డోర్ కంట్రోలర్లు ఈ కోవకు చెందుతాయి. మామూలు వీల్యాన్‌లో బ్రాడ్‌కాస్ట్ (అందరినీ ఉద్దేశించిన పిలుపు) అందరికీ చేరుతుంది కాబట్టి అవి ఎప్పుడో ఒకప్పుడు లేచి పలుకుతాయి. ఎస్‌డీ-యాక్సెస్‌లో మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప బ్రాడ్‌కాస్ట్ అంతటా పారదు, అందువల్ల అలాంటి యంత్రం పేరు రిజిస్టరులోకే ఎక్కదు. స్విచ్ మార్చిన మర్నాడు ఆపరేషన్ థియేటరు తలుపు తెరుచుకోకపోతే అందరూ కొత్త స్విచ్‌నే తిడతారు. ఆ సబ్‌నెట్‌కు మాత్రం లేయర్ 2 ఫ్లడింగ్ (బ్రాడ్‌కాస్ట్‌ను అంతటా పారనిచ్చే అనుమతి) ఇవ్వాలని ముందే రాసుకుంటే ఆ తిట్లు తప్పుతాయి.

802.1ఎక్స్ ద్వారా ప్రతి పరికరాన్ని గుర్తించి లోనికి పంపాలని కొటేషన్‌లో ఉండి ఉంటుంది. మంచిదే, కానీ మొదటి నెల దాన్ని చూసి రాసుకునే స్థితిలోనే ఉంచండి: ఎవరికి అనుమతి దొరికేది కాదో లాగ్‌లో తెలియాలి, ఎవరినీ ఆపకూడదు. వైద్య యంత్రాల్లో చాలా వాటికి 802.1ఎక్స్ తెలియదు, వాటిని మ్యాక్ అడ్రస్‌తో గుర్తించాలి, మ్యాక్‌ను ఎవరైనా నకలు చేయవచ్చు కాబట్టి వాటికి ఇచ్చే అనుమతి ఇరుకుగా ఉండాలి.

డబ్బు విషయంలో పెట్టె ధరను మాత్రమే చూడకండి. సిస్కో స్విచ్‌లలో ప్రాథమిక నెట్‌వర్క్ లైసెన్సు శాశ్వతం. ఫ్యాబ్రిక్‌కు కావలసిన అడ్వాంటేజ్ స్థాయి డీఎన్ఏ (సిస్కో పెట్టిన పేరు) లైసెన్సు మాత్రం మూడు, అయిదు లేదా ఏడేళ్ల చందా. కంట్రోలర్, ఆథెంటికేషన్ సర్వరు, వాటికి జంటలు (ఒకటి ఆగితే పని అందుకునేవి), ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం), అన్నీ కలిపి ఏడేళ్లకు లెక్క కట్టించి యాజమాన్యం ముందు పెట్టండి. నన్నడిగితే, ఫ్యాబ్రిక్ సామర్థ్యం ఉన్న స్విచ్‌లనే కొని, మొదట మామూలు పద్ధతిలో నడిపి, పరిపాలన విభాగం ఉన్న అంతస్తులో ఒక్కచోట ఫ్యాబ్రిక్ మొదలు పెడతాను. ఐసీయూ చివరికి రావాలి.

ప్రశ్న: గుంటూరు సమీపంలోని ఇంజనీరింగ్ కళాశాలలో నెట్‌వర్క్ నిర్వహణ చూస్తున్నాను. ఫ్యాబ్రిక్ ఇప్పటికే ఉంది. సెలవుల్లో ఒక రాత్రి 11 గంటలకు కొన్ని స్విచ్‌లకు కమాండ్లతో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాం. ఇన్‌స్టాల్ యాడ్, యాక్టివేట్ చేశాక రీస్టార్ట్ అయ్యి అన్నీ బాగా పనిచేశాయి. మేం ఇంటికి వెళ్లిపోయాం. ఒంటి గంట దాటాక అవన్నీ వాటంతట అవే మళ్లీ రీస్టార్ట్ అయ్యి పాత వెర్షన్‌కు వెళ్లిపోయాయి. వైరస్ అని ఒకరు, కరెంటు అని ఒకరు అంటున్నారు.

సమాధానం: వైరసూ కాదు, కరెంటూ కాదు. మీరు మూడో మాట చెప్పడం మరిచారు. మీరు రాసిన కమాండ్లను బట్టి అవి ఐఓఎస్ ఎక్స్ఈ అనే సిస్కో సాఫ్ట్‌వేర్ నడిచే స్విచ్‌లు. వాటిలో యాడ్, యాక్టివేట్ తర్వాత కమిట్ (ఖాయం) చేయాలి. యాక్టివేట్ చేసిన క్షణం నుంచి ఒక గడియారం నడుస్తుంది, దాని మామూలు గడువు 120 నిమిషాలు. ఆలోగా కమిట్ రాకపోతే, కొత్త సాఫ్ట్‌వేర్‌తో స్విచ్ మీకు అందకుండా పోయిందేమోనని భావించి అది పాత వెర్షన్‌కు తిరిగి వెళుతుంది. రాత్రిపూట దూరం నుంచి పనిచేసేవారిని కాపాడడానికి పెట్టిన ఏర్పాటు ఇది. గడువును 30 నిమిషాల నుంచి 1200 నిమిషాల దాకా మీరే నిర్ణయించుకోవచ్చు. మూడు పనులూ ఒకే వరుసలో రాసి కూడా చేయవచ్చు, కానీ పరీక్షించుకునేందుకు వ్యవధి కావాలంటే విడిగా చేయడమే మేలు. పరీక్ష ముగిశాక కమిట్ చేసే మనిషి ఎవరో పేరు రాసి పెట్టుకోండి.

ఇంతకూ ఫ్యాబ్రిక్ ఉండి, కంట్రోలర్ ఉండి, స్విచ్‌లకు చేత్తో ఎందుకు ఎక్కించారు? కంట్రోలర్‌లో ప్రతి మోడల్‌కు ఆమోదిత ఇమేజ్‌ను (సాఫ్ట్‌వేర్ ఫైలును) గుర్తించి పెడితే, ఏ స్విచ్ దానికి తేడాగా ఉందో అదే చూపుతుంది. ఇమేజ్‌ను స్విచ్‌లకు చేరవేయడం, దాన్ని అమల్లోకి తేవడం అక్కడ రెండు వేర్వేరు పనులు. మొదటిదాన్ని పగలు తరగతులు జరుగుతుండగానే చేసుకోవచ్చు, ఎవరికీ ఏమీ తెలియదు. రాత్రికి మిగిలేది రీస్టార్ట్ ఒక్కటే. చేరవేసే ముందు ఫ్లాష్‌లో (స్విచ్ నిల్వ మెమరీలో) చోటు చూసుకోవాలి. నాలుగేళ్లుగా పోగైన పాత ఇమేజ్‌లు కూర్చుని ఉంటాయి, ఇన్‌స్టాల్ రిమూవ్ ఇనాక్టివ్ అంటే అవి పోతాయి.

వరుస విషయానికి వస్తే, కొత్త స్విచ్ వెర్షన్‌ను కంట్రోలర్ గుర్తించగలదా, ఆథెంటికేషన్ సర్వర్ వెర్షన్ దానికి సరిపోతుందా అన్నది తయారీదారు ప్రచురించే పొంతన పట్టికలో ముందు చూసుకోవాలి. చాలా సందర్భాల్లో మొదట పెరగవలసింది కంట్రోలరే. స్విచ్‌ల ముందు కంట్రోలర్ పాతదైపోతే అది వాటితో మాట్లాడడంలో తడబడుతుంది. ఆ తర్వాత జనం తక్కువగా వచ్చే భవనంలో ఒక్క ఎడ్జ్ స్విచ్‌కు (పరికరాలు నేరుగా తగిలే స్విచ్‌కు) ఎక్కించి రెండు మూడు రోజులు ఆగండి. సెలవుల్లో చేయడం సౌకర్యమే, కానీ సెలవుల్లో ఆ స్విచ్ మీద విద్యార్థులెవరూ ఉండరు కాబట్టి అది నిజమైన పరీక్ష కాదు. సెలవులకు వారం ముందు ఒకటి ఎక్కించి, ల్యాబ్ పరీక్షల రద్దీలో అది ఎలా నిలబడుతుందో చూడాలన్నది నా సలహా. ఎడ్జ్‌లన్నీ అయ్యాక బోర్డర్ జంటలో ఒకటి, అది పూర్తిగా తేరుకుని దారులన్నీ నేర్చుకున్నాక రెండోది. జంటగా ఉన్నవాటిని ఒకే రాత్రి వెంటవెంటనే చేసేవారు ఉన్నారు. మొదటిది నిజంగా బరువు మోస్తోందో లేదో తెలియకముందే రెండోదాన్ని పడుకోబెట్టినట్టవుతుంది.

వెర్షన్ ఎంపికలో అన్నింటికన్నా కొత్తదాని వెంట పడకండి. ఐఓఎస్ ఎక్స్ఈ 17 వరుసలో ప్రతి మూడోది, అంటే 17.3, 17.6, 17.9, 17.12, 17.15 లాంటివి, ఎక్కువ కాలం నిర్వహణ పొందే విడుదలలు. వాటిలో ఇంకా నిర్వహణ ఉన్నవే కళాశాలకు తగినవి.

ఒక స్టాక్‌లో (ఒకే స్విచ్‌లా పనిచేసేలా కలిపిన గుంపులో) కొత్తగా చేర్చిన స్విచ్ కలవకుండా వెర్షన్ మిస్‌మ్యాచ్ అంటోందని చివర్లో రాశారు. ఆ స్టాక్ ఇన్‌స్టాల్ పద్ధతిలో (విప్పి పెట్టిన ఫైళ్ల నుంచి) బూట్ అవుతోందో, బండిల్ పద్ధతిలోనో (ఒకే ఇమేజ్ ఫైలు నుంచి) చూడండి. ఇన్‌స్టాల్ పద్ధతిలో ఉండి ఆటో అప్‌గ్రేడ్ తెరిచి ఉంటే కొత్త సభ్యుడు తక్కినవాటి సాఫ్ట్‌వేర్‌ను తానే తెచ్చుకుంటాడు, బండిల్‌లో అది జరగదు. ఇంకో జాగ్రత్త: పాత వెర్షన్ నుంచి పెద్ద దూకుడు దూకినప్పుడు స్విచ్ తన బూట్ లోడర్‌ను (స్విచ్‌ను మొదట లేపే చిన్న ప్రోగ్రామును) కూడా మార్చుకోవచ్చు, అప్పుడు మామూలు కన్నా చాలా నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆగిపోయిందనుకుని కరెంటు తీసి పెట్టడం ఆ సమయంలో చేయగల అతి చెడ్డ పని. కన్సోల్ కేబుల్ తగిలించి అందులో ఏమి వస్తోందో చూస్తూ కూర్చోండి.

ప్రశ్న: ఆటోనగర్‌లో విడిభాగాల వ్యాపారం, గన్నవరం వైపు గోదాము. రెండింటినీ సర్వీసు ప్రొవైడరు లైనుతో కలిపి, ఈ మధ్యే రెండు చోట్లా కొత్త స్విచ్‌లతో ఒకే ఫ్యాబ్రిక్ చేయించాం. పింగ్ (అవతల ఉన్నారా అని అడిగే పరీక్ష ప్యాకెట్) వెళుతోంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ తెర వస్తోంది. ఆ తర్వాత స్టాకు జాబితా తెరిస్తే తిరుగుతూనే ఉంటుంది. గోదాములో లోపల లోపల అయితే బాగానే ఉంది.

సమాధానం: చిన్నవి దాటి పెద్దవి ఆగుతున్నాయి కాబట్టి ఇది ఎంటీయూ (లైను ముక్కలు చేయకుండా మోయగల అతి పెద్ద ప్యాకెట్ సైజు) సమస్య. మీ ప్రాంతం పోలికనే పైన ఆసుపత్రి జవాబులో వాడాను. పార్శిల్‌ను గోనెలో కుడితే గోనె మందం కూడా తోడవుతుంది కదా. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో 1500 బైట్ల దాకా సరుకు ఉంటుంది. వీఎక్స్‌ల్యాన్ దానికి 50 బైట్లు కలుపుతుంది: లోపలి ఈథర్‌నెట్ శీర్షిక 14, వీఎక్స్‌ల్యాన్ శీర్షిక 8, యూడీపీ 8, బయటి ఐపీ 20. అంటే మధ్యలోని లైను కనీసం 1550 బైట్ల ఐపీ ప్యాకెట్‌ను ముక్కలు చేయకుండా మోయగలగాలి. భవనంలో స్విచ్‌ల మధ్య దీన్ని 9100కు పెంచడం ఎస్‌డీ-యాక్సెస్‌లో రివాజు, అందుకే గోదాము లోపల బాధ లేదు. ప్రొవైడరు లైను 1500 దగ్గరే ఆగి ఉంటుంది.

ఒక స్విచ్ నుంచి అవతలి స్విచ్ లూప్‌బ్యాక్ (స్విచ్ సొంత) చిరునామాకు, ముక్కలు చేయవద్దన్న గుర్తుతో 1550 సైజు పింగ్ పెట్టండి. అది పోకుండా 1500 సైజుది పోతే అనుమానం తీరినట్టే. లైను ఎంటీయూ పెంచమని ప్రొవైడరును లిఖితపూర్వకంగా అడగండి. లీజు లైన్లలో చాలాసార్లు ఇది అవతలివారు ఒక అంకె మార్చితే అయిపోయే పని, కాకపోతే ఫోనులో అడిగితే ఎవరూ మార్చరు. వాళ్లు కుదరదంటే ఫ్యాబ్రిక్‌లోని గేట్‌వే ఇంటర్‌ఫేసుల మీద టీసీపీ ఎంఎస్ఎస్‌ను (ఒక ప్యాకెట్‌లో వేసే సరుకు పరిమితిని) 1250కి తగ్గించండి. బిల్లింగ్ టీసీపీ మీదే నడుస్తుంది కాబట్టి కుదుటపడుతుంది. యూడీపీ మీద నడిచే వాటికి ఈ మందు పనిచేయదు, కెమెరాల వీడియో మాటేమిటో విడిగా చూసుకోవాలి. ఇంకొక్క మాట. రెండు చోట్లు, నాలుగు స్విచ్‌లు ఉన్న వ్యాపారానికి ఫ్యాబ్రిక్ ఎవరు సూచించారో గానీ, మీకు అది అవసరం లేదు. వేశారు కాబట్టి నడపండి. చందా గడువు ముగిసేనాటికి మళ్లీ ఆలోచించండి.

ప్రశ్న: మా కార్యాలయం సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు వరదలో గ్రౌండ్ ఫ్లోర్ రాక్ మొత్తం మునిగింది. తాత్కాలికంగా పెట్టిన స్విచ్‌ల స్థానంలో ఇప్పుడు కొత్తవి కొంటున్నాం. ఎక్కడ పెట్టాలి? మొదటి అంతస్తులో ఉన్నది ఏసీ సరిగా లేని చిన్న గది.

సమాధానం: బుడమేరు నీళ్లు చూసినవారికి గ్రౌండ్ ఫ్లోర్ వద్దని వేరే చెప్పాలా! గది చిన్నదైనా పైనే పెట్టండి. రాగి కేబులుకు పరిమితి 100 మీటర్లు కనుక పైకి మార్చినప్పుడు చివరి గదుల దూరం మళ్లీ కొలవాలి. దాటితే అక్కడికి ఫైబర్ వేసి చిన్న స్విచ్ పెట్టండి. రెండు భవనాలుంటే వాటి మధ్య రాగి అసలు వద్దు, పిడుగుల కాలంలో ఫైబర్ మీ పోర్టులను కాపాడుతుంది. ఓఎం3 రకం ఫైబర్ మీద 10 గిగాబిట్ వేగం 300 మీటర్ల వరకు పోతుంది, అంతకు మించితే ఎక్కువ దూరం పోయే సింగిల్ మోడ్ ఫైబర్ వేయించండి.

నీటి తర్వాత మన ఊరి రెండో శత్రువు వేడి. క్యాంపస్ స్విచ్‌లలో చాలావాటికి లోనికి పీల్చుకునే గాలి 45 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో బయటే అంతుంటే మూసిన గది సంగతి చెప్పనక్కరలేదు. ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడ: కరెంటు పోతే స్విచ్ యూపీఎస్ మీద నడుస్తుంది, ఏసీ ఆగిపోతుంది. అంటే బ్యాటరీ ఎంత పెద్దదైతే స్విచ్ అంత ఎక్కువసేపు ఉడుకుతుంది. ఏసీకి జనరేటర్ లైను ఇవ్వండి, కుదరకపోతే గదికి ఎగ్జాస్ట్ ఫ్యాను యూపీఎస్ మీదే పెట్టండి.

కొత్త స్విచ్‌లు కెమెరాలకు, వైఫై పెట్టెలకు పీఓఈ (నెట్‌వర్క్ కేబులు మీదే కరెంటు పంపే పద్ధతి) ద్వారా కరెంటు ఇచ్చేవైతే యూపీఎస్ లెక్క కూడా మారుతుంది. 802.3ఏటీ అనే పీఓఈ ప్రమాణం ప్రకారం పోర్టుకు 30 వాట్లు. 48 పోర్టులూ నిండుగా తీసుకుంటే అవే 1440 వాట్లు. నిజంగా అన్నీ అంత తీసుకోవు, స్విచ్‌తో వచ్చే ఒక్క పవర్ సప్లై అంత ఇవ్వకపోవచ్చు కూడా. పరికరాలవారీగా వాట్లు కూడి, దానికి తగ్గ పవర్ సప్లైతో కొటేషన్ అడగండి. మునిగిన పాత స్విచ్‌లను ఎండబెట్టి మళ్లీ వాడాలని ఎవరైనా అంటే వద్దనండి.

ప్రశ్న: ఒక సహకార సంస్థలో ఐటీ పని చూస్తున్నాను. స్విచ్‌లు మార్చాక లాగ్‌లలో తేదీలు ఎప్పటివో వస్తున్నాయి. ఇది పట్టించుకోవలసిన విషయమా?

సమాధానం: తప్పకుండా. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, గడియారాలను కేంద్ర సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ నడిపే ఎన్‌టీపీ (సరైన సమయం చెప్పే) సర్వర్లతోనో, వాటికి అనుసంధానమైనవాటితోనో కలపాలి, నిర్దేశించిన భద్రతా ఘటనలను తెలిసిన 6 గంటల్లో నివేదించాలి. సమయం తప్పైతే సర్టిఫికెట్లు కూడా చెల్లవని స్విచ్ భావించి కంట్రోలర్‌తో మాట్లాడడం మానేస్తుంది. ముందుగా ఎన్‌టీపీ పెట్టి, ఆ తర్వాతే ఫ్యాబ్రిక్‌లో చేర్చండి.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉండి నెట్‌వర్కింగ్ నేర్చుకుంటున్నాను. అంతా కంట్రోలరే చేస్తే కమాండ్లు నేర్చుకోవడం వృథా అని మా కోచింగ్‌లో ఒకరు అన్నారు. ఖరీదైన స్విచ్‌లు కొనలేను.

సమాధానం: పైన కళాశాలవారి ఉత్తరం మళ్లీ చదవండి. అక్కడ జరిగింది అర్థం కావాలంటే కమాండ్ల వెనక ఏముందో తెలియాలి. 2020 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న సీసీఎన్ఏ అనే సిస్కో సర్టిఫికెట్ పరీక్షలో ఆటోమేషన్‌కు 10 శాతం వాటా ఇచ్చారు, మిగతా 90 శాతం పాత విద్యే. స్విచ్ కొననక్కరలేదు. లినక్స్‌కు 2012 చివర వచ్చిన 3.7 కెర్నెల్ నుంచే వీఎక్స్‌ల్యాన్ తెలుసు. రెండు పాత కంప్యూటర్లలో లినక్స్ వేసి, వాటి మధ్య ఒక వీఎక్స్‌ల్యాన్ సొరంగం కట్టి, ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్ ప్రోగ్రాములో ప్యాకెట్ విప్పి ఆ 50 బైట్లను మీ కళ్లతో లెక్కపెట్టుకోండి. ఓపెన్‌ఫ్లో కోసం, కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్‌ను అనుకరించే మినీనెట్ ఉచితం. ఆ తర్వాత పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోండి.

ప్రశ్న: మార్చిన పాత స్విచ్‌లను గవర్నర్‌పేటలో పాత సామాను కొనేవారికి ఇచ్చేయవచ్చా?

సమాధానం: అలాగే ఇచ్చేయకండి. ఒక స్విచ్ కాన్ఫిగరేషన్‌లో మీ నెట్‌వర్క్ పటం, ఆథెంటికేషన్ సర్వరుతో పంచుకున్న రహస్య కీ, స్విచ్‌ను దూరం నుంచి గమనించడానికి వాడే ఎస్ఎన్ఎంపీ రహస్య పదాలు, కొన్నిసార్లు సులభంగా విప్పగల పాస్‌వర్డ్‌లు ఉంటాయి. కొత్త తరం స్విచ్‌లో ఫ్యాక్టరీ రీసెట్ ఆల్ ఇవ్వండి. పాతవాటిలో రైట్ ఎరేజ్ చేసి, విడిగా ఉండే వీల్యాన్ డేటా ఫైలును కూడా తీసేయాలి. అది రైట్ ఎరేజ్‌తో పోదు. కంట్రోలర్ జాబితాలోంచి, ఆథెంటికేషన్ సర్వరులోంచి ఆ స్విచ్‌ల పేర్లు తొలగించండి. ఒకే కీని అన్ని స్విచ్‌లకూ వాడి ఉంటే, చాలాచోట్ల వాడతారు, ఆ కీని కూడా మార్చండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం పెద్ద సంస్థలు వీటిని నమోదైన రీసైక్లర్లకో, పునరుద్ధరణదారులకో ఇవ్వాలి, రసీదు ఫైలులో పెట్టుకోవాలి. అన్నీ ఇచ్చేయకుండా, ఇంకా సపోర్టు ఉన్నవాటిలో మంచిదాన్ని ఒకటి ఉంచుకోండి. మిగతావాటితో సమానమైన ఇమేజ్ ఎక్కించి, కన్సోల్ కేబులును టేపుతో దానికే అంటించి, బీరువా తాళం ఎవరి దగ్గరుందో రాత్రి కాపలా మనిషికి కూడా చెప్పి పెట్టండి.